కొరియాలో ఇంగ్లిష్ టీచర్‌గా చేరుతున్నారా? చెత్త సంచుల సంగతి ముందే తెలుసుకోండి

పాఠాల టెన్షన్ ఎలాగూ తప్పదు. స్కూలు ఇచ్చిన ఒంటిగది ఇంట్లో అసలు తలనొప్పి మాత్రం చెత్తతోనే. కొరియాలో 1995 నుంచి ఎంత చెత్త పారేస్తే అంత డబ్బు కట్టాలి. ఆ డబ్బు సంచి ధరలోనే ఉంటుంది. ఊరికి, వార్డుకి వేరే సంచులు. ఆ ఊరు, వార్డు పేరు సంచి మీదే అచ్చేసి ఉంటుంది. మామూలు కవర్లో పడేసి దొరికిపోతే జరిమానా 10 లక్షల వాన్ల దాకా పడొచ్చు.

అందుకే సూపర్ మార్కెట్‌లో బిల్లు కట్టేటప్పుడు క్యారీ బ్యాగ్ బదులు "చోంగ్న్యాంజే బోంగ్తు చుసెయో" (డబ్బు కట్టే చెత్త సంచి ఇవ్వండి) అనండి. పట్టుకెళ్లడానికి వీలుగా పిడులున్న చెత్త సంచి ఇస్తారు. సరుకులు అందులోనే తెచ్చుకుని, ఇంట్లో ఖాళీ చేసి, దాన్నే చెత్తకి వాడుకోవచ్చు. రెండు పనులకీ ఒకటే ఖర్చు.

తిండి చెత్త దారి వేరు. మనలా రోజూ వండుకునేవాళ్లకి ఇక్కడే చిక్కు: కోడి ఎముకలు, గుడ్డు పెంకులు, ఉల్లిపొట్టు, మామిడి టెంకలు సాధారణంగా తిండి చెత్త కిందికి రావు, మామూలు సంచిలోకే పోతాయి. మిగిలిన కూర, అన్నం మాత్రం నీళ్లు వంపేసి తిండి చెత్తలో వేయాలి. వేసవిలో కంపు కొట్టకుండా చాలామంది దాన్ని ఫ్రీజర్‌లో పెడతారు. వినడానికి అదోలా ఉన్నా, జులై ఉక్కలో అంతకంటే మంచి మార్గం లేదు.

ఇల్లు మారితే పాత సంచులు పారేయకండి. కొత్త పేటలోని జుమిన్ సెంటర్‌లో (స్థానిక ప్రభుత్వ కార్యాలయంలో) అడిగితే, వాటిని అక్కడా వాడుకునేలా పైన అంటించుకోవడానికి స్టిక్కర్లు ఇస్తారు.