లోన్‌లో కలిపేసిన ఇన్సూరెన్స్ డబ్బు వెనక్కి వచ్చింది (నా అనుభవం)

2006లో లండన్‌లో కారు కోసం 6,000 పౌండ్ల లోన్ తీసుకున్నాను. అందులో పీపీఐ అనే పేమెంట్ ఇన్సూరెన్స్ కూడా కలిపేశారు. ప్రీమియం మొత్తం ముందే అసలులో చేర్చి, దానికీ వడ్డీ వేశారు. నేనేమో అప్పట్లో సొంతంగా కాంట్రాక్టు పనులు చేసుకునేవాణ్ణి. ఉద్యోగం ఊడితే వాయిదాలు కట్టే పాలసీ నాకెందుకు?

పీపీఐ ఫిర్యాదులకు ఆఖరి గడువైన 2019 ఆగస్టు 29కి ముందే బ్యాంకుకు ఫిర్యాదు పెట్టాను. "మీరు సంతకం చేశారు, అన్నీ వివరించాం" అని బ్యాంకు జవాబు. విసుగొచ్చి ఆ ఉత్తరాన్ని రెండు వారాలు ఫ్రిజ్ మీద పడేశాను. తర్వాత తిరగేస్తే చివరి పేజీలో ఉంది: ఆరు నెలల్లోపు ఫైనాన్షియల్ అంబుడ్స్‌మన్ (బ్యాంకులపై ఫిర్యాదులు తేల్చే స్వతంత్ర సంస్థ) దగ్గరకు వెళ్లొచ్చు. ఫీజు లేదు.

ముందు నా ఫైల్ కాపీ ఇమ్మని బ్యాంకునే అడిగాను. డేటా చట్టం ప్రకారం నెలలో ఉచితంగా ఇవ్వాలి. వచ్చింది చూస్తే, 'సెల్ఫ్ ఎంప్లాయిడ్' గడిలో నా పెన్ను టిక్కు. ఇన్సూరెన్స్ గడిలో టిక్కు మాత్రం అచ్చులోనే ఉంది! ఆ పేజీ, పాలసీ మినహాయింపుల పేజీ జతచేసి అంబుడ్స్‌మన్‌కు అరపేజీ ఉత్తరం రాశాను. కోపమంతా పక్కనపెట్టి తేదీలే రాశాను.

ఎనిమిది నెలలు పట్టింది. ప్రీమియం, దానిపై కట్టిన వడ్డీ, పైన ఏడాదికి 8 శాతం సాధారణ వడ్డీ వచ్చాయి. ఆ 8 శాతంలో టాక్స్ కోత పడింది. ఆ టాక్స్ వెనక్కి అడగడానికి ఆర్40 అనే ఫారం వేరే నింపాను.