జిగురు అట్ట వద్దు, బోను చాలు

రాత్రయితే వంటింట్లో చిట్టెలుకల గోల, తెల్లారేసరికి కొరికేసిన పప్పు ప్యాకెట్లు. జిగురు అట్ట పెడితే వాటితో పాటు పాపం బల్లులూ అతుక్కుని గంటల తరబడి గిలగిల్లాడతాయి. భారత జంతు సంక్షేమ బోర్డు కూడా ఆ అట్టలు వద్దనే అంటోంది.

మామూలు కమ్మీల బోను తీసుకోండి. వేయించిన పల్లీలు చిటికెడు బెల్లంతో దంచి, అర చెంచా ముద్ద కొక్కేనికి గట్టిగా మెత్తండి. బోను గోడవారగా పెట్టాలి, ఎలుక గోడ పట్టుకునే తిరుగుతుంది. మొదటి రెండు రాత్రులు తలుపు పైకి కట్టేసి తిననివ్వండి, మూడో రాత్రి బిగించండి. తెల్లారగానే బయట పొదల్లో వదిలేసి, సింకు పైపు చుట్టూ ఉన్న సందుల్లో స్టీల్ పీచు కుక్కేయండి. పెన్సిల్ దూరే సందైనా చాలు వాటికి.

పొద్దున్నే చూసే వీల్లేని రోజు మాత్రం బిగించొద్దు, దాహంతో లోపలే చస్తుంది. పందికొక్కులకు ఈ చిన్న బోను పనిచేయదు.