ఎయిర్‌లైన్ సేఫ్టీ మేనేజ్‌మెంట్ సిస్టమ్ (ఎస్ఎంఎస్) ఆమోదానికి దరఖాస్తు: ఏం పెట్టాలి, ఎక్కడ ఆగిపోతుంది

ఎయిర్ ఆపరేటర్ సర్టిఫికెట్‌కు, అంటే విమాన సర్వీసులు నడిపే అనుమతికి, దరఖాస్తు చేసే సంస్థలు విమానాల లీజుకూ పైలట్ల భర్తీకీ నెలలు వెచ్చిస్తాయి. సేఫ్టీ మేనేజ్‌మెంట్ సిస్టమ్, అంటే భద్రతా నిర్వహణ వ్యవస్థ, మాన్యువల్‌ను మాత్రం చివరి వారంలో ఎవరి దగ్గరో తెచ్చి, పేరు మార్చి జతచేస్తాయి. తనిఖీ అధికారి కంటికి అది రెండో పేజీలోనే దొరికిపోతుంది. దగ్గరి దూరాలకు వాడే ప్రొపెల్లర్ విమానాలు, అంటే టర్బోప్రాప్‌లు, మాత్రమే నడిపే సంస్థ మాన్యువల్‌లో సముద్రం మీది సుదూర ప్రయాణాల రిస్కులు కనిపిస్తే ఇక చెప్పేదేముంది!

అంతర్జాతీయ వాణిజ్య రవాణా చేసే ఆపరేటర్లకు ఎస్ఎంఎస్ తప్పనిసరి. దీనికి మూలం అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ, అంటే ఐకావో, విడుదల చేసిన అనుబంధం 19. ఇది 2013 నవంబరులో అమల్లోకి వచ్చింది, రెండో కూర్పు 2019 నవంబరు నుంచి వర్తిస్తోంది. ఫారాలు, రుసుము, గడువులు ఏ దేశానికి ఆ దేశపు నియంత్రణ సంస్థవే. లోపలి చట్రం మాత్రం ఒకటే: 4 విభాగాలు, 12 అంశాలు.

దరఖాస్తుకు ముందు

మొదట చేయాల్సింది గ్యాప్ అనాలిసిస్. ఆ 12 అంశాలను ఒక పట్టికలో రాసి, ఒక్కోదాని ఎదురుగా సంస్థలో ఇప్పుడు ఏముంది, ఏం లేదు, ఎవరు ఎప్పటికి పూర్తిచేస్తారు అన్నవి నింపాలి. అన్ని గడుల్లోనూ ‘ఉంది’ అని రాసిన పట్టికను ఎవరూ నమ్మరు. ఖాళీలు ఒప్పుకుని తేదీలు వేసిన పట్టికకే విలువ.

రెండోది మనుషులు. అకౌంటబుల్ ఎగ్జిక్యూటివ్‌గా, అంటే భద్రతకు అంతిమ జవాబుదారీగా, చూపే వ్యక్తికి డబ్బు మీదా సిబ్బంది మీదా తుది అధికారం ఉండాలి. విమానాన్ని ఆపమని చెప్పగలగాలి, మరమ్మతుకు నిధులు మంజూరు చేయగలగాలి. బోర్డు అనుమతి లేకుండా రూపాయి ఖర్చుపెట్టలేని అధికారి పేరు పెడితే ముందస్తు సమావేశంలోనే ప్రశ్న వస్తుంది. సేఫ్టీ మేనేజర్ నేరుగా అకౌంటబుల్ ఎగ్జిక్యూటివ్‌కే నివేదించాలి. ఆపరేషన్స్ అధిపతికే సేఫ్టీ మేనేజర్ బాధ్యత కూడా కట్టబెడితే తన నిర్ణయాలను తానే తనిఖీ చేసుకున్నట్టవుతుంది. చాలా చిన్న సంస్థకు మినహాయింపు అడగవచ్చు గానీ, స్వతంత్ర తనిఖీ ఎవరు చేస్తారో కూడా రాసివ్వాలి.

ఐదు దశలు

ఐకావో మార్గదర్శకాల్లో ధ్రువీకరణ ఐదు దశల్లో జరుగుతుంది: ముందస్తు సంప్రదింపు, అధికారిక దరఖాస్తు, పత్రాల పరిశీలన, ప్రదర్శన-తనిఖీ, సర్టిఫికెట్ జారీ. ఎస్ఎంఎస్‌ను విడిగా కాకుండా మొత్తం దరఖాస్తులో భాగంగానే చూస్తారు. రెండో దశలో సాధారణంగా పెట్టేవి: ఎస్ఎంఎస్ మాన్యువల్, అకౌంటబుల్ ఎగ్జిక్యూటివ్ సంతకంతో భద్రతా విధాన ప్రకటన, గ్యాప్ అనాలిసిస్, అమలు ప్రణాళిక, ముఖ్య అధికారుల అర్హత పత్రాలు, అత్యవసర స్పందన ప్రణాళిక, హజార్డ్ రిజిస్టర్ (ప్రమాదానికి దారితీయగల పరిస్థితులనూ వాటి రిస్కునూ నమోదుచేసే పట్టిక), శిక్షణ కార్యక్రమం, నిబంధన వారీగా మాన్యువల్ పేజీ సంఖ్యలు చూపే కంప్లయన్స్ పట్టిక. 27,000 కిలోలకు మించిన గరిష్ఠ టేకాఫ్ బరువున్న విమానాలు నడిపితే ఫ్లైట్ డేటా విశ్లేషణ కార్యక్రమం, అంటే ప్రయాణాల్లో విమానం రికార్డు చేసిన డేటాను పరిశీలించే ఏర్పాటు, కూడా ఉండాలి. అందులో డేటా ఎవరు చూడవచ్చు, పైలట్ పేరు ఏ పరిస్థితిలో బయటపెడతారు అన్న ఒప్పందం స్పష్టంగా లేకపోతే పైలట్లే సహకరించరు.

హజార్డ్ రిజిస్టర్: అసలు చిక్కు ఇక్కడే

ఎక్కువ అభ్యంతరాలు వచ్చేది ఈ రిజిస్టర్ మీదే. ‘రన్‌వే దాటిపోవడం’ అని హజార్డ్ గడిలో రాస్తారు. అది హజార్డ్ కాదు, పర్యవసానం. రన్‌వే మీద నిలిచిన నీరు, వెనకగాలి, తగ్గిన బ్రేకింగ్ ఇవి హజార్డులు. పర్యవసానాన్నే హజార్డ్‌గా రాస్తే దేనిని నియంత్రించాలో తెలియక, నివారణ గడిలో ‘పైలట్లు జాగ్రత్త వహించాలి’ అన్న మాట వచ్చి కూర్చుంటుంది. అది నివారణే కాదు.

రిస్కును సంభావ్యతకు 5 నుంచి 1, తీవ్రతకు ఏ (A) నుంచి ఈ (E) వరకు కొలుస్తారు. 5ఏ అంటే తరచూ జరిగే, విపత్తుకు దారితీసే రిస్కు. అక్కడ పని ఆపాల్సిందే. 1ఈ అలాగే అంగీకరించదగ్గది. మధ్యలోవాటికి నివారణ చర్య, బాధ్యుడి పేరు, గడువు, చర్య తర్వాత మిగిలే రిస్కు అన్నీ రాయాలి. పై ఉదాహరణలోనైతే రన్‌వే పరిస్థితి నివేదికతో ల్యాండింగ్ దూరాన్ని దిగే ముందు మళ్లీ లెక్కించడం, మేఘాల్లో వస్తున్నప్పుడు 1,000 అడుగుల దగ్గర అప్రోచ్ (దిగడానికి రన్‌వే వైపు రావడం) నిలకడగా లేకుంటే గో-అరౌండ్ (దిగకుండా మళ్లీ పైకి ఎగరడం) తప్పనిసరి చేయడం లాంటివి. చర్య తర్వాత చాలామంది తీవ్రతను తగ్గించి చూపిస్తారు. రన్‌వే దాటిపోతే జరిగే నష్టం అంతే ఉంటుంది. ఈ చర్యలు తగ్గించేది సంభావ్యతనే.

పనితీరు సూచికలనూ ఇక్కడి నుంచే తీయాలి. ‘ప్రమాదాల సంఖ్య సున్నా’ అన్న సూచిక వల్ల ఏమీ తెలియదు. ప్రతి 1,000 అప్రోచ్‌లకు నిలకడలేనివి ఎన్ని, వాటిలో ఎన్నింటికి గో-అరౌండ్ చేశారు అన్నది పనికొచ్చే లెక్క. హెచ్చరిక స్థాయిలను గత డేటా సగటు, ప్రామాణిక విచలనంతో (విలువలు సగటు నుంచి ఎంత చెదిరి ఉంటాయో చెప్పే కొలతతో) కట్టడం ఒక పద్ధతి: ఒక నెల విలువ సగటుకు పైన 3 విచలనాలు దాటినా, వరుసగా రెండు నెలలు 2 దాటినా, మూడు నెలలు 1 దాటినా విచారణ మొదలవుతుంది. విమానాలు తక్కువైతే ఒక్క సంఘటనకే లెక్క హెచ్చరిక గీత దాటిపోతుంది కనుక ఆ నెలల సంఘటనలను ఒక్కొక్కటిగా పరిశీలిస్తామని మాన్యువల్‌లోనే రాయడం మంచిది.

ప్రదర్శన-తనిఖీ రోజు

అధికారులు మాన్యువల్ పక్కనపెట్టి విమానాలు నిలిపే ర్యాంపు మీదికి వెళ్తారు. సరుకు ఎక్కించే లోడర్‌ను ‘కంటెయినర్ తలుపు లాక్ పడకపోతే ఎవరికి చెప్తావు, ఎలా?’ అని అడుగుతారు. సిబ్బంది ఇచ్చిన స్వచ్ఛంద భద్రతా నివేదికల్లో ఒకటి తీసి అందిన తేదీ, విచారణ, తీసుకున్న చర్య, నివేదించినవారికి వెళ్లిన జవాబు వరుసగా చూపమంటారు. ఆ జవాబు దగ్గరే గొలుసు తెగడం మామూలు. అత్యవసర ప్రణాళికలోని ఫోన్ నంబరుకు అక్కడికక్కడే ఫోన్ చేయించడమూ ఉంది, అవతల ఎత్తేది ఎప్పుడో ఉద్యోగం మానేసినవారైతే అది రాతపూర్వక లోపమే.

లోపాలు నమోదైతే మూలకారణం, దిద్దుబాటు, గడువు, రుజువు నాలుగూ రాసి పంపాలి. ‘సిబ్బందికి మళ్లీ శిక్షణ ఇచ్చాం’ అని ప్రతి లోపానికీ రాస్తే తిరుగుటపాలో వస్తుంది, ఎందుకంటే శిక్షణ లేకపోవడమే కారణమని ఎక్కడా చూపలేదు కదా.

సర్టిఫికెట్ వచ్చాక కొత్త రకం విమానం, కొత్త విమానాశ్రయం, గ్రౌండ్ హ్యాండ్లింగ్ (నేలమీద విమానానికి సామాను ఎక్కించడం లాంటి పనులు చేసే) సంస్థ మార్పు లాంటి ప్రతిదానికీ మార్పు నిర్వహణ కింద రిస్క్ అంచనా చేయాలి. వీటిలో ముందస్తు ఆమోదం కావాల్సినవాటికి సవరణ దరఖాస్తుతోపాటు ఆ అంచనానూ జతచేయాలి. టికెట్లు అమ్మడం మొదలుపెట్టాక తయారుచేసిన అంచనాను తేదీ చూసే పట్టేస్తారు.