ఇంట్లో క్రీముల తయారీ, 4వ పాఠం: లోషన్‌లో ఏ ప్రిజర్వేటివ్ వేయాలి?

పోయిన పాఠంలో చేసిన లోషన్‌ని ఫ్రిజ్‌లో పెట్టి రెండు మూడు రోజుల్లో వాడేయమన్నాను, ఎందుకంటే అందులో ప్రిజర్వేటివ్, అంటే బ్యాక్టీరియా, బూజు పెరగకుండా ఆపే పదార్థం, లేదు. ఈసారి అది కలుపుదాం. కొబ్బరినూనె, మైనం కరిగించి చేసే బామ్‌లో నీళ్లు ఉండవు కాబట్టి దానికి అక్కర్లేదు. నీళ్లున్న ప్రతిదానికీ కావాలి, కలబంద గుజ్జు, రోజ్ వాటర్ కూడా నీళ్ల కిందే లెక్క.

విటమిన్ ఇ వేశాం కదా అంటారు చాలామంది. అది గాలి తగిలి నూనె పాడవకుండా చూస్తుంది, అంతే. బ్యాక్టీరియాని, బూజుని ఆపదు. వేపనూనె, పసుపు మీద కూడా ఆ భారం పెట్టకండి. గ్రేప్‌ఫ్రూట్ గింజల సారాన్ని సహజమైనదని అమ్ముతారు గానీ, పరీక్షించిన చాలా శాంపిళ్లలో అసలు పని చేసింది అందులో కలిసి ఉన్న బెంజెథోనియం క్లోరైడ్ లాంటి సింథటిక్ రసాయనాలేనని తేలింది. రంగు మారలేదు, వాసన రాలేదు అన్న ధైర్యమే నాకు ఎక్కువ టెన్షన్ పెడుతుంది, ఎందుకంటే సూడోమొనాస్ లాంటి బ్యాక్టీరియా పైకి ఏ గుర్తూ లేకుండా పెరిగిపోయి, కంట్లో పడితే ఇన్ఫెక్షన్ తేగలదు.

మరి ఏది వేయాలి? ముందు పీహెచ్ చూడండి, అంటే పులుపు ఎంతుందో చెప్పే కొలత, అంకె తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ. ఒక గ్రాము లోషన్‌ని తొమ్మిది గ్రాముల డిస్టిల్డ్ వాటర్‌లో కలిపి, పీహెచ్‌ని రంగుతో చూపించే కాగితం స్ట్రిప్ ముంచితే చాలు.

సోడియం బెంజోయేట్ మీకు తెలిసిందే, నిమ్మ స్క్వాష్‌లో, పచ్చళ్లలో వేస్తారు. అక్కడ అది పని చేసేది పులుపు వల్ల. ఆ పులుపులో అది బెంజోయిక్ ఆమ్లంగా మారుతుంది, సూక్ష్మజీవుల్ని ఆపేది ఆ ఆమ్లమే. పీహెచ్ 4.2 దగ్గర సగం ఆమ్లంగా ఉంటుంది, 5.2 దగ్గర వందలో తొమ్మిది వంతులే, 6.2కి వచ్చేసరికి ఒక్క వంతు. మామూలు లోషన్ 6 దాటే ఉంటుంది, అంటే మీరు వేసింది దాదాపు వృథా! పొటాషియం సోర్బేట్‌దీ ఇదే కథ, కాకపోతే దానికి 5 దాకా కొంత వెసులుబాటు ఉంది. లాక్టిక్ యాసిడ్‌తో పీహెచ్ దించగలిగిన టోనర్లకే ఈ రెండూ.

మన లోషన్‌కి నేను చెప్పేది ఫినాక్సీఇథనాల్, ఇథైల్‌హెక్సైల్‌గ్లిజరిన్ తొమ్మిదికి ఒకటి చొప్పున కలిపి అమ్మే మిశ్రమం. పీహెచ్ 6 ఉన్నా, 7 ఉన్నా దాని పని అది చేస్తుంది. మొత్తం బరువులో 1 శాతం దాటకండి, అంటే 200 గ్రాముల లోషన్‌కి 2 గ్రాములు. చుక్కలు, చెంచాలు వద్దు, 0.01 గ్రాము చూపించే చిన్న త్రాసు కొనుక్కోండి. లోషన్ 40 డిగ్రీలకు చల్లారాక వేసి బాగా కలపండి.

ముల్తానీ మట్టి, శనగపిండి కలిపిన తడి ప్యాక్‌లను మాత్రం నిలవ చేయాలని చూడకండి. వాటిని కాపాడటం చాలా కష్టం, పొడిగానే ఉంచుకుని వాడేటప్పుడు తడుపుకోండి.

ప్రిజర్వేటివ్ వేసినా ల్యాబ్ పరీక్ష చేయించలేదు కాబట్టి కొంచెమే చేయండి, పంప్ సీసాలో పోయండి, తయారుచేసిన తేదీ రాయండి, రెండు నెలల్లో వాడేయండి. పసిపిల్లలకి వద్దు.

వచ్చే పాఠానికి మీ దగ్గరున్న ప్రతి తయారీ పీహెచ్ కొలిచి నోట్‌బుక్‌లో రాసి ఉంచండి, వాటిని లాక్టిక్ యాసిడ్‌తో ఎలా సరిచేయాలో అప్పుడు చూద్దాం.