లాంగ్ ట్రిప్‌లో ప్లగ్-ఇన్ హైబ్రిడ్: ఆ కాస్త ఛార్జింగ్ ఎక్కడ వాడాలి?

ప్లగ్-ఇన్ హైబ్రిడ్ అంటే పెట్రోలు ఇంజన్‌తో పాటు ఇంట్లో ఛార్జ్ పెట్టుకునే బ్యాటరీ, మోటారు కూడా ఉన్న బండి. ఊళ్లో తిరిగినన్నాళ్లూ లీటరుకి 50 చూపించిన ఆ బండి, విజయవాడ వెళ్లొచ్చేసరికి 20 చూపిస్తుంది. బండికి రోగమేమీ రాలేదు. ఊళ్లో దాన్ని నడిపింది మీ ఇంటి కరెంటు. డాష్‌బోర్డు మైలేజీలో ఆ కరెంటు లెక్కలోకి రాదు.

శ్రీకాకుళం నుంచి విజయవాడ సుమారు 450 కిలోమీటర్లు. బ్యాటరీలో వాడుకోగలిగేది 11 యూనిట్లు అనుకోండి. హైవే మీద 90-100 వేగంలో యూనిట్‌కి నాలుగున్నర కిలోమీటర్ల లెక్కన 50 కిలోమీటర్లు వస్తాయి. మిగిలిన 400కి, లీటరుకి 18 ఇచ్చే బండి 22 లీటర్లు తాగుతుంది. మొత్తం దూరాన్ని 22తో భాగించి డాష్‌బోర్డు 20 అంటుంది. అసలు మైలేజీ మాత్రం 18. అది తేలాలంటే బ్యాటరీ అడుగంటాక ట్యాంకు నింపి, మధ్యలో ఛార్జింగ్ పెట్టకుండా తిరిగి, మళ్లీ నింపి చూడాలి.

పెట్టింది పెట్టినట్టు ఆటో మోడ్‌లో వదిలేస్తే చాలా బండ్లు మొదటి గంటలోనే బ్యాటరీ ఖాళీ చేసేస్తాయి. అంటే విశాఖకి ముందున్న తగరపువలస దాటకముందే అయిపోతుంది. అవే 11 యూనిట్లు ట్రాఫిక్‌లో 60 కిలోమీటర్లకు పైగా లాగుతాయి, ఎందుకంటే ఎదురయ్యే గాలి అడ్డు వేగానికి వర్గం లెక్కన పెరుగుతుంది: 80 నుంచి 100కి వెళ్తే ఒకటిన్నర రెట్లు. అందుకని ఇంటి దగ్గర నుంచి హైవే దాకా ఈవీ మోడ్ (కరెంటు మీదే నడిచేది), హైవే ఎక్కగానే హోల్డ్ (బ్యాటరీని అలాగే దాచి ఇంజన్ మీద నడిచేది). కొన్ని బండ్లలో దీన్నే సేవ్ అంటారు. చల్లటి ఇంజన్ అప్పుడే స్టార్టయి ఉంటుంది కాబట్టి మొదటి నాలుగైదు కిలోమీటర్లు 60-70 దాటించకండి. విశాఖ ఊళ్లోకి పోకుండా ఆనందపురం దగ్గర సబ్బవరం బైపాస్ పట్టుకుంటే హోల్డ్ అలాగే ఉంచండి. ఊళ్లోంచి మద్దిలపాలెం, ఎన్ఏడీ, గాజువాక మీదుగా పోతే ఈవీకి మార్చండి. చివర్లో విజయవాడలోకి దిగేటప్పటికి 10-15 కిలోమీటర్లకు సరిపడా మిగలాలి. అక్కడ రాత్రికి ప్లగ్ దొరుకుతుందనుకుంటే మొత్తం వాడేయండి, దాచుకోవడం దండగ.

ఛార్జ్ మోడ్ జోలికి మాత్రం పోవద్దు. పెట్రోలు కాల్చి కరెంటు తయారుచేసి, బ్యాటరీలో పోసి, మళ్లీ మోటారుకిస్తే దారిలో పావు వంతు దాకా వేడిగా పోతుంది.

దీనికి మినహాయింపు ఘాట్ ఒక్కటే. విజయనగరం నుంచి అరకు వెళ్తున్నారనుకోండి. రెండు టన్నుల బండి 1,000 మీటర్లు ఎక్కాలంటే చక్రాల దగ్గరే సుమారు ఐదున్నర యూనిట్లు కావాలి; ఇంజన్ మీదే ఎక్కిస్తే దగ్గరదగ్గర రెండు లీటర్లు అదనం. ఛార్జ్ మోడ్ పెట్టయినా సరే, ఘాట్‌కి ముందున్న ఎస్.కోట చేరేసరికి బ్యాటరీలో 40 శాతం ఉంచుకోండి. ఖాళీ బ్యాటరీతో ఎక్కితే ఇంజన్ గోల పెడుతుంది, ఓవర్‌టేక్‌కి ఊపు రాదు. తిరుగు ప్రయాణంలో దీనికి ఉల్టా: అరకులో 100 శాతం ఛార్జ్ చేసి బయల్దేరితే, దిగేటప్పుడు రీజెన్ కరెంటు (వేగం తగ్గించేటప్పుడు మోటారు తయారుచేసేది) పోయడానికి బ్యాటరీలో చోటుండదు, బ్రేకులు వేడెక్కుతాయి. గాలికొండ దాకా రోడ్డు మళ్లీ ఎక్కుతుంది కాబట్టి అక్కడ కొంత ఖర్చవుతుంది, అయినా 80 దగ్గర ఆపేయడమే మేలు. దిగుడులో బీ మోడ్ (రీజెన్ పెంచే గేరు) వేస్తే రెండు మూడు యూనిట్లు ఊరికే తిరిగొస్తాయి.

దారిలో ఛార్జింగ్ పెట్టాలా? లీటరుకి 18, యూనిట్‌కి నాలుగున్నర కిలోమీటర్లు కాబట్టి లీటరు ధరను నాలుగుతో భాగించండి. స్టేషన్‌లో యూనిట్ రేటు అంతకంటే తక్కువుంటేనే లాభం. 3.3 కిలోవాట్ల స్లో ఛార్జింగ్ మాత్రమే తీసుకునే బండయితే గంటసేపు భోజనం చేసినా దక్కేది 13-14 కిలోమీటర్లే. దానికోసం ఆగకండి.

అసలు ఛార్జింగ్ ఇంట్లోనే, బయల్దేరే ముందు రాత్రి. 15 యాంప్‌ల సాకెట్, 10 యాంప్‌ల ఛార్జింగ్ కేబుల్ అయితే గంటకి బ్యాటరీలో పడేది రెండు యూనిట్లు, 11 నిండడానికి అయిదారు గంటలు. ఎక్స్‌టెన్షన్ బాక్సు వాడొద్దు. అరగంటయ్యాక ప్లగ్ పట్టుకు చూడండి. చెయ్యి పెట్టలేనంత వేడి ఉంటే సాకెట్ లోపల స్క్రూ వదులైందన్నమాట, తీసేసి ఎలక్ట్రీషియన్‌ని పిలవండి. ఊళ్లలో వేసవిలో కేబుల్ బాక్సు మీద ఎర్ర లైటు వెలిగి ఛార్జింగ్ ఎక్కకపోతే ముందు అనుమానించాల్సింది ఎర్త్‌నే. ఎర్త్ గొయ్యి ఎండిపోయి ఉంటుంది, రెండు బకెట్ల నీళ్లు పోసి చూడండి. బయల్దేరడానికి పది నిమిషాల ముందు, ప్లగ్ ఉండగానే ఏసీ ఆన్ చేస్తే క్యాబిన్ చల్లబరిచే ఖర్చు బ్యాటరీ మీద పడదు.

టైర్లలో గాలి పొద్దున్నే, బండి కదలకముందే చూడాలి. డ్రైవర్ డోర్ దగ్గరి స్టిక్కర్‌లో ఫుల్ లోడ్‌కి రాసిన అంకె పట్టించండి. బ్యాటరీ బరువు ఎలాగూ మోస్తోంది, పైన నలుగురూ సామానూ.

నెలల తరబడి ఈవీలోనే తిరిగిన బండయితే ట్యాంకులో పాత ఈ20 పెట్రోలు (20 శాతం ఇథనాల్ కలిపినది) ఉంటుంది. ఇథనాల్ తేమను పీల్చుకుంటుంది, మన తీరం గాలిలో తేమకి కొదవ లేదు. ట్రిప్‌కి ముందు ఆ పాతది చాలావరకు కాల్చేసి, కొత్తది పోయించండి. కొన్ని మోడళ్లలో ట్యాంకు ప్రెషర్‌తో ఉంటుంది: లోపలి బటన్ నొక్కాక కొన్ని సెకన్లు ఆగితేనే మూత తెరుచుకుంటుంది, బంకు కుర్రాడిని బలవంతంగా లాగనివ్వకండి.