మిరుగం దాటినంక ఏట్ల వల వేసేటోళ్లు ముందుగాల కన్ను సైజు చూస్కోండ్రి

మిరుగం (మృగశిర కార్తె) వచ్చిందంటే మన సిరోంచ (మహారాష్ట్ర, గడ్చిరోలి జిల్లా) దిక్కు ఇంటింటికి చేప కావాలె, ఏడాదంతా ఏటి మొఖం చూడనోడు గూడ ఆ రోజు తాత వల భుజానేస్కొని ప్రాణహిత ఒడ్డుకు వస్తడు. జూన్ 7, 8 తారీఖుల్ల ఎక్కువ శాతం ఏరు సన్నగనే ఉంటది, ఇసుక తేలి ఉంటది, అప్పుడు పెద్దగ భయం లేదు. ఆ తర్వాత వానలు బలంగ పడి కొత్తనీళ్లు ఎర్రగ దిగినప్పుడు అదే వల, అదే ధైర్యం పట్టుకొని మళ్ల వస్తరు సూడు, నేను రాసేది వాళ్ల కోసమే.

వల కన్ను అంటే దారాల నడుమ సందు, దాంతోని ఏ చేప పడ్తది ఏ చేప పోతది అన్న లెక్క ఒక్కటే అనుకుంటం. ఎండకాలం నిలబడ్డ నీళ్లల్ల అది నిజమే. వరదల మాత్రం కన్ను సైజును బట్టే ఏరు నిన్ను ఎంత గట్టిగ గుంజుతదో తేలుతది. ఒకటే మందం దారంతోని అల్లిన రెండు వలలు తీస్కో, ఒకటి 1 అంగుళం కన్ను, ఇంకోటి 3 అంగుళాలు. అంతే జాగల చిన్న కన్ను వలల దారం మూడింతలు ఉంటది, అంటే నీళ్లకు అడ్డం గూడ సుమారుగ మూడింతలు. దానిమీద వరద వేగం రెండింతలైతే గుంజుడు నాలుగింతలైతది. ఇగ ఆకులు, గడ్డి, పుల్లలు చిన్న కంట్ల ఇరికి కూసుంటే అది వల కాదు, ఏటికి అడ్డం కట్టిన చాప. డోంగా (చిన్న పడవ) మీద ఇద్దరున్నా ఆపలేరు.

నాకు అట్లనే అయింది. పరకల (చిన్న చేపల) వల, కన్ను గట్టిగ ఒకటిన్నర అంగుళం ఉంటదేమో, మా మామ వద్దంటున్నా ఇనకుండ ఎర్రనీళ్లల్ల వేసిన, పది నిమిషాలు గాలేదు వలను తేల్చే బెండ్లన్ని మునిగిపోయినయి, మస్తు చేప పడ్డదని సంబరపడ్డం. తాడు గుంజితే చేప కాదు, చెత్త. తాడు కొస డోంగాకు గట్టి ముడి వేసి పెట్టిన్నాయె, ముక్కు కిందికి వంగి నీళ్లు లోపలికి రాబట్టినయి. మామ కొడవలితోని తాడు కోసిండు కాబట్టి సరిపోయింది. వల పాయె, ఇంట్ల ఆ మాట ఇప్పటికీ ఎత్తుతరు.

సైజు కొలిచే కాడనే సగం మంది తప్పు చేస్తరు. కన్నును రెండు మూలలు పట్టి నిలువుగ సాగదీసి ఎదురెదురు ముడుల నడుమ కొలిస్తే అది పూర కన్ను. పక్కపక్క ముడుల నడుమ కొలిస్తే దాంట్ల సగమే వస్తది. దుకాణంల "నాలుగు ఇవ్వు" అంటే ఏ నాలుగో అడగాలె, నేనొకసారి అడగకుండ తెచ్చుకొని మోసపోయిన. వేళ్లతోని కొలిచే అలవాటుంటే గూడ ఎవరి వేళ్లో చూస్కోండ్రి, మా తాత నాలుగు వేళ్లు నా అయిదు వేళ్లంత ఉంటుండె.

నీకు కావాల్సిన చేపకు మొప్పల వెనక దారం చుట్టు, వచ్చిన కొలతల సగం తీస్కో, పూర కన్ను దానికంటె కొద్దిగ పెద్దగుండాలె. కిలో రవ్వుకు ఆ చుట్టు సుమారు 8 అంగుళాలొస్తది, అంటే 4 అంగుళాల కన్ను. రెండు కిలోల బొచ్చెకు పొట్ట వెడల్పు గనక 6 దాకా పోవాలె. రెండంగుళాల వలల పడేయి నూరు నూటయాభై గ్రాములయే, వరదల వాటికోసం పానం మీదికి తెచ్చుకునుడు ఎందుకు. నన్నడిగితే ఎర్రనీళ్లల్ల 4 అంగుళాల కంటె చిన్న వల వాకిట్లకెళ్లి తియ్యనే వద్దు, పెద్ద కన్నైనా ఏటికి అడ్డంగ కట్టొద్దు, ఒడ్డు పక్కన వాలు నీళ్లల్ల పొట్టి వల చాలు.

విసురు వల సంగతి వేరే ఉన్నది. చిన్న కన్నుది నీళ్లల్ల తొందరగ దిగదు, అది కిందికి పోయేలోపలనే వరద పది అడుగులు ఈడ్చుకపోయి ఏ మొద్దుకో తట్టిస్తది. మనోళ్లు తాడు కొసను మణికట్టుకు ఉచ్చు వేసుకుంటరు కదా, వల తట్టుకున్నదంటే ఆ ఉచ్చు బిగుసుడే బిగుసుడు, చెయ్యి ఊడి రాదు. వరదల మణికట్టుకు కట్టొద్దు, పిడికిట్ల పట్టుకోండ్రి, గుంజితే వదిలెయ్యండ్రి. నడుముకు అసలే వద్దు. మొలకు చిన్న కత్తి ఉండాలె, సంచిల కాదు.

ఇక్కడ చుక్క వాన లేకున్నా నీళ్లు వస్తయని మర్చిపోవద్దు. ప్రాణహితంటే వైన్‌గంగ, వార్ధా కలిసిన ఏరు, పైన భండారా కాడ గోసీఖుర్ద్ గేట్లు ఎత్తితే ఆ నీళ్లు మన కాడికే రావాలె. దవండి (డప్పు చాటింపు) వేసినా, ఊరి పోలీస్ పాటిల్ చెప్పినా వల తీసెయ్యాలె, "ఇంకో గంట" అనొద్దు. ఇటు గోదారి నిండుగ ఉంటే సంగమం కాడ ప్రాణహిత ఎనుకకు తన్నుతది, పైకి నిమ్మళంగ కనపడ్తది గని ఒడ్డు మునుగుడు మాత్రం ఆగదు. 2022 జూలైల ఎట్లయిందో మీకెరికే, అవతల కాళేశ్వరం ప్రాజెక్టు కన్నెపల్లి పంప్‌హౌజ్ మునిగింది, కింద భద్రాచలంల గోదారి 71 అడుగులు దాటింది. ఉరుములుంటే చెట్టు కిందికి గాదు, ఇంటికి.

ఇంకో మాట, కొందరికి నచ్చదు. ఇదే కాలంల బొచ్చె, రవ్వు, మిరిగె గుడ్లు పెట్టనీకి పలచటి నీళ్లకు ఎక్కుతయి. పెద్ద కన్నేస్తే పిల్లలు తప్పించుకుంటయి గని గుడ్ల తల్లి పడ్తది, కిలో బరువుకు లక్షకు మించిన గుడ్లు మోస్తున్న తల్లి. చిన్న కన్నేస్తే ఏటి బలం నీ మీద పడ్తది. ఈ చిక్కుకు నా కాడ జవాబు లేదు, నేనైతే జూలై, ఆగస్టుల వల చూరుకు కట్టి ఎండుచేపతోని నడిపిస్త.

వల ఇరికి తెంపాల్సి వస్తే ఒడ్డున ఏ చెట్టు కాడనో గుర్తు పెట్టుకోండ్రి. తంగీసు (నైలాన్) దారం ఏండ్లకొద్ది కుళ్లదు, ఎవరు తియ్యకపోతే నీళ్లల్లనే ఉండి చేపలను చంపుతనే ఉంటది, ఎవరన్న ఈతకు దిగితే కాళ్లకు చుట్టుకుంటది. దసరా దాటి నీళ్లు తేటగైనంక ఇద్దరు ముగ్గురు పోయి మొద్దుతో సహా గుంజి తీసెయ్యాలె.