మామిడి, క్రీమ్‌తో వోడ్కా కాక్‌టెయిల్ ఎలా చేయాలి?

భోజనం అయ్యాక స్వీటు బదులు చిన్న గ్లాసులో ఇచ్చే కాక్‌టెయిల్ ఇది. వోడ్కాకు సొంత రుచి పెద్దగా ఉండదు కాబట్టి ఇందులో తెలిసేదంతా పండు రుచే. ఖరీదైన సీసా కోసం తిరగనక్కర్లేదు, ఆ డబ్బు మంచి మామిడిపండ్ల మీద పెట్టండి.

బంగినపల్లి అయితే మేలు. పీచు ఉండదు, గుజ్జు చిక్కగా వస్తుంది. రుచిలో రసాలదే పైచేయి అని వాదించేవాళ్లతో నాకు పేచీ లేదు. కాకపోతే వాటికి జల్లెడ పట్టాలి, పైగా రసం పలచగా దిగుతుంది. ఏ రకమైనా బాగా ముగ్గాలి. టెంక దగ్గర పుల్లగా తగిలితే ఆ పండు పక్కన పెట్టేయండి. పులుపు ఎక్కువైతే పాలలోని కేసీన్ అనే ప్రోటీన్ గడ్డకట్టి క్రీమ్ విరిగిపోతుంది. చాలా కాక్‌టెయిల్స్‌లో పిండే నిమ్మరసం ఇందులో వద్దనేది అందుకే.

ఇద్దరికి కావలసినవి: మామిడి గుజ్జు 120 మి.లీ., వోడ్కా 90 మి.లీ. (అంటే మూడు చిన్న పెగ్గులు), ఫ్రెష్ క్రీమ్ 60 మి.లీ., కండెన్స్‌డ్ మిల్క్ రెండు చెంచాలు, చిటికెడు యాలకుల పొడి, అంతకన్నా తక్కువ ఉప్పు. ఉప్పు మానేయకండి, మామిడి తీపి వెగటు కాకుండా ఆపేది అదే.

ముందుగా వోడ్కా సీసాను, గ్లాసులను రెండు మూడు గంటలు ఫ్రీజర్‌లో పెట్టండి. ఇంటి ఫ్రీజర్ చలికి వోడ్కా గడ్డకట్టదు, కాబట్టి సీసా పగులుతుందని టెన్షన్ వద్దు. క్రీమ్ మాత్రం ఫ్రిజ్‌లోనే ఉండాలి. ఫ్రీజర్‌లో పెడితే కరిగాక నీరు, కొవ్వు విడివిడిగా తేలతాయి.

తర్వాత మామిడి ముక్కలు, కండెన్స్‌డ్ మిల్క్, యాలకుల పొడి, ఉప్పు మిక్సీలో మెత్తగా తిప్పండి. నీళ్లు పోయకండి. క్రీమ్ కూడా ఇప్పుడే వేసేద్దామనిపిస్తుంది కానీ వేయకండి. ఎక్కువ తిప్పితే అది వెన్నగా మారి పూసలు కడుతుంది. పాల మీద తీసిన మీగడ వాడితే ఈ చిక్కు ఇంకా త్వరగా వస్తుంది. ప్యాకెట్ క్రీమే మంచిది.

ఇప్పుడు షేకర్‌లో గుజ్జు, వోడ్కా పోసి ఒకసారి కలిపి, చివర్లో క్రీమ్, ఏడెనిమిది గట్టి ఐస్ ముక్కలు వేయండి. షేకర్ లేకపోతే బిగుతు మూత ఉన్న స్టీలు డబ్బా చాలు. పది పదిహేను సెకన్లు గట్టిగా కుదిపితే డబ్బా బయట మంచు పట్టినట్టవుతుంది. అక్కడితో ఆపాలి. ఇంకా కుదిపితే ఐస్ కరిగి పలచబడుతుంది. ఐస్ ముక్కలు పడకుండా గ్లాసుల్లోకి వంచి, పైన కాస్త పిస్తా పొడి చల్లి వెంటనే ఇచ్చేయండి. కాసేపు వదిలేస్తే పైన నురుగు, అడుగున నీరు తేలతాయి.

క్రీమ్ బదులు వెనిల్లా ఐస్‌క్రీమ్ వేసేవాళ్లూ ఉన్నారు. చేయడం తేలికే కానీ అది మిల్క్‌షేకే అవుతుంది, మామిడి వాసన వెనకబడిపోతుంది. పాలు పడనివాళ్లకు క్రీమ్ బదులు చిక్కటి కొబ్బరిపాలు బాగా కుదురుతాయి, కండెన్స్‌డ్ మిల్క్ కూడా పాలే కాబట్టి దాని బదులు పంచదార వేయండి. తాజా అనాసపండుతో ఇదే చేయబోతే మాత్రం అందులోని ఎంజైమ్ వల్ల క్రీమ్ చేదెక్కుతుంది, డబ్బాలో వచ్చే అనాసతో ఆ బాధ లేదు. చలికాలం మొదట్లో గింజలు తీసిన సీతాఫలం గుజ్జు వేసి చూడండి, అప్పుడు యాలకులు వద్దు.

తీపి, క్రీమ్ కలిసి మందు ఘాటును దాచేస్తాయి. తాగుతుంటే జ్యూస్‌లాగే ఉంటుంది, గ్లాసుకు మాత్రం ఒకటిన్నర పెగ్గు పడింది. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ మద్యానికి చట్టం పెట్టిన వయసు 21 ఏళ్లు. బండి నడిపేవాళ్లకు, తాగనివాళ్లకు వోడ్కా బదులు చల్లటి పాలు పోసి ఇదే చేయండి. వాళ్ల గ్లాసులు వేరే ఆకారంలో ఉండేలా చూడండి, రెండూ పక్కపక్కన పెడితే తేడా కనిపించదు. ఇంట్లో పిల్లలుంటే మిగిలింది ఫ్రిజ్‌లో దాచకుండా పారబోయండి.